లేదని రాసిన చెయ్యి

ప్రతాప్ ఆ గడప తొక్కి మూడేళ్లయింది. మనిషికి కాస్తంత సిగ్గంటూ ఉంటే ముప్పై ఏళ్లయినా తొక్కేవాడు కాదు. సిగ్గుపడేవాడు బీమా పాలసీలు అమ్ముకోలేడని ఆయనే నలుగురిలో నవ్వుతూ చెబుతుంటాడు. అందుకే ఆ ఆదివారం పొద్దున అరకిలో మైసూర్‌పాకు పొట్లం చేతపట్టుకుని, బూట్లు గుమ్మం దగ్గర విప్పి, ఏమీ జరగనట్టు లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం ప్రసన్నా, బాగుండావా?"

ప్రసన్నకుమారి నేలమీద కూర్చుని కనకాంబరాలు కడుతోంది. పక్కన పూలమీద చిలకరించే నీళ్ల బకెట్టు ఉంది. ఆ బకెట్టు ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరిస్తే ఎలా ఉంటుందా అని ఒక్క క్షణం ఆలోచించింది. తిరుచానూరులో ఎండాకాలం నీళ్లు ఎంత కష్టమో గుర్తొచ్చి ఊరుకుంది.

లోపలి నుంచి అత్త గురవమ్మ మాత్రం గబగబా వచ్చింది. "రా నాయనా, రా. ఎన్నాళ్లకు వస్తివి. కాఫీ తాగుతావా?" అంది. కోడలిని 'తిన్నావా' అని అడిగి మూడేళ్లయిన మనిషి ఈయన్ని కాఫీ తాగుతావా అని అడుగుతోంది. ప్రసన్న పళ్లు కొరుక్కుంటూ నార ముడి బిగించింది.

ఆ మంట ఎక్కడిదో చెప్పాలి. ప్రసన్న మొగుడు గిరి తిరుపతి బస్టాండుకూ తిరుచానూరుకూ మధ్య ఆటో తోలేవాడు. ప్రతాప్‌కు బళ్లో జతగాడు. ఆ చనువుతోనే ప్రతాప్ ఒకరోజు ఇంటికొచ్చి, గిరి చేత పాలసీ ఫారం మీద సంతకాలు పెట్టించాడు. అప్పుడు ప్రసన్న అక్కడే నిలబడి ఉంది. గిరి నోరు తెరిచి చెప్పాడు. "అప్పా, నేను గుండెకు మాత్రలు మింగతా ఉండా. అది కూడా రాయి" అన్నాడు. ప్రతాప్ పెన్ను కూడా ఆపలేదు. "అవన్నీ రాస్తే రాయవేలూరు పెద్దాసుపత్రికి పోయి టెస్టులు చేయించుకోవల్ల. నీకు పని, నాకు పని. ఈడ పెట్టు సంతకం" అన్నాడు. జబ్బేమైనా ఉందా అని అడిగిన చోట తన చేత్తోనే 'లేదు' అని రాసుకున్నాడు. ఫారం ఏజెంటే నింపడం, మనం పెన్సిలు టిక్కు ఉన్న చోటల్లా సంతకం గీకడం ఆ చుట్టుపక్కల అందరికీ అలవాటే. చదివి చూస్తామంటే ఏజెంటును అనుమానించినట్టు అవుతుందని మొహమాటం.

ఏడాది తిరక్కముందే గిరి ఆటోలోనే గుండె పట్టుకుని పోయాడు. మూడు నెలలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. జబ్బు దాచి పాలసీ తీసుకున్నారు కాబట్టి డబ్బు ఇవ్వడం కుదరదని అందులో రాసి ఉంది. ఆ ఉత్తరం చదివి వినిపించింది కూడా ప్రతాపే. వీధి వీధంతా గుమిగూడి వింటుండగా, "నాకు ఒక్క మాట చెప్పలేదు పెద్దమ్మా. దాచిపెట్టినాడు" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ప్రసన్న వైపు చూసి, "ఇంట్లో వాళ్లకు తెలిసే ఉంటుంది కదా" అని ఒక చురక కూడా అంటించాడు.

గురవమ్మకు కొడుకు గుండెజబ్బు సంగతి అప్పటిదాకా తెలియదు. అమ్మ బెంగ పెట్టుకుంటుందని గిరి చెప్పనివ్వలేదు. కన్నతల్లి దగ్గరే దాచినవాడు కంపెనీ దగ్గర దాచడా అని వీధి తేల్చేసింది. చెప్పాడు, నా ముందరే చెప్పాడు అని ప్రసన్న గొంతు చించుకుని అరిచింది. ఎవరి చెవికీ ఎక్కలేదు. పాలసీ డబ్బు మీద ఆశతో మొగుడూ పెళ్లాం కలిసి జబ్బు దాచారన్న పేరు మిగిలింది. డబ్బు పోయినందుకు ప్రసన్న నెల రోజులు ఏడ్చింది. గిరి అబద్ధాలకోరుగా మిగిలిపోయినందుకు మూడేళ్లుగా ఆమె కడుపు మండుతూనే ఉంది.

ఆ మంట పెట్టినవాడు ఇప్పుడు కాలు మీద కాలేసుకుని గురవమ్మ ఇచ్చిన కాఫీ తాగుతున్నాడు.

"నన్ను మేనేజర్ని చేసినారు ప్రసన్నా. నా కింద ఏజెంట్లు కావల్ల. నీకంటే తగిన మనిషి ఎవురుండారు చెప్పు? తెల్లారితే అరవై ఇండ్లకు రోజూ వాడికగా పూలు ఏస్తా ఉండావు. నీకు తలుపు తియ్యని ఇల్లు ఉండాదా?"

"జీతమెంత?"

"జీతం గీతం ఉండదు. ఎంత అమ్మితే అంత కమీషను. శిక్షణ మేమే ఇస్తాము, పరీక్ష ఉంటాది. నువ్వు పది దాకా చదివినావు కదా, సాలు."

"నాకు అమ్మడం యాడ తెలుసన్నా?"

ప్రతాప్ కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు. "అమ్మేదేముండాది? నీ కత చెప్పు. మా ఆయనకు పాలసీ లేకపోయె, ఉండింటే నాకీ పూలబుట్ట ఎత్తే గతి పట్టేది కాదు అని చెప్పు. కండ్లల్లో రెండు చుక్కలు వస్తే ఇంకా మేలు. ఎదుటోడు సంతకం పెట్టకుండా పోడు."

ప్రసన్న చేతిలో నార తెగింది. "పాలసీ ఉండె కదన్నా?"

"ఉండె. రాలేదు కదా? రానిది లేనిదాంతో సమానమే. ఉండిందని మాత్రం చెప్పబాకు. యేల రాలేదని అడుగుతారు. ఆ తగులాటం మనకెందుకు?"

గుండెలు తీసిన బంటు అంటే ఇలాగే ఉంటాడు కాబోలు. మొగుణ్ని అబద్ధాలకోరును చేసినవాడే ఇప్పుడు పెళ్లాన్ని కూడా అబద్ధం ఆడమంటున్నాడు. అదీ కమీషను కోసం. ప్రసన్న ఒళ్లంతా భగ్గుమంది. అయినా నెమ్మదిగా తలెత్తి, "ఆలోచించి చెప్తానన్నా. ముందు శిక్షణకు వస్తాను" అంది.

ఈయన పని పట్టాలంటే కంపెనీ లోపలికెళ్లే పట్టాలని ఆ క్షణమే అనుకుంది.

అలాగని ఆ ఉద్యోగం మీద ఆమెకు ఆశ లేదనుకోకండి. లాడ్జీల పూలన్నీ పెద్ద కాంట్రాక్టర్లు ఎగరేసుకుపోయారు. మూర మల్లెలు అమ్మితే మిగిలేది నార ఖర్చుకూ గదిబాడుగకూ సరిపోతోంది. మోకాళ్ల నొప్పులతో తెల్లవారుజామున బుట్ట నెత్తికెత్తుకుని తిరగడం ఇంకెన్నాళ్లు? నెత్తిన బరువు లేకుండా చేసే పని ఒకటి దొరికితే కాదనేంత గొప్పది కాదు ప్రసన్న. ఆ పని ప్రతాప్ చేతుల మీదుగా రావడమే ఆమె గొంతులో ముల్లయి కూర్చుంది.

మర్నాటి నుంచి పూలు వేస్తూనే ఆమె ఆరా తీయడం మొదలుపెట్టింది. నాలుగో వీధిలో కుప్పమ్మ ఇంటి దగ్గర ఆగి, "కుప్పమ్మక్కా, మీ ఆయనకు ఉబ్బసం కదా, పాలసీలో రాయించినారా?" అని అడిగింది.

కుప్పమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "యాడ రాయిస్తాము పాపా! రాస్తే రాయవేలూరు పోవల్లన్నాడు ప్రతాపు. లేదని ఆయనే రాసుకున్నాడు. పోయినేడు దసరాకు తీసుకున్నాము."

రెండు వారాల్లో అలాంటి ఇళ్లు ఇరవై మూడు తేలాయి. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, ఇంకొకరికి ఎప్పుడో కిడ్నీలో రాయి. అన్ని ఫారాల్లోనూ ప్రతాప్ చెయ్యి 'లేదు' అనే రాసింది. ప్రసన్న ఆ పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో వరసగా రాసుకుంది. ఒక్కో పేరూ రాస్తుంటే ఆమెకు ఒళ్లు పులకరించింది. జబ్బుల జాబితా చూసి సంతోషపడటం పాడుబుద్ధేనని ఆమెకు తెలుసు. అయినా ఆ సంతోషాన్ని ఆపుకోలేదు. ఈ పుస్తకం కంపెనీ పెద్దల ముందు పడేస్తే ప్రతాప్ మేనేజరు కుర్చీ ఎగిరిపోతుంది. అది చాలు.

శిక్షణ తిరుపతిలో, ఒక చెప్పుల అంగడి పైమేడ మీద జరిగింది. చెప్పేది మహిత అని చిత్తూరు పిల్ల. పాతికేళ్లుంటాయి, మాట సూటి. ఆఖరి రోజు ప్రసన్న అందరూ వెళ్లేదాకా ఆగి ఆమెను అడిగింది.

"మేడమ్, జబ్బు ఉన్నా ఏజెంటు లేదని రాసినాడనుకోండి. ఆ సంగతి ఇప్పుడు మనమే కంపెనీకి చెప్తే ఆ ఏజెంటును ఏం చేస్తారు?"

"ఏజెంటు సంగతి తర్వాత అక్కా. ముందు ఆ పాలసీ రద్దు చేస్తారు. మూడేండ్లు నిండకపోతే అసలు ఆలోచించరు."

"రాసింది ఏజెంటు కదా?"

"సంతకం ఇంటాయనది కదా అక్కా. కాయితం మీద అబద్ధమాడింది సంతకం పెట్టినోళ్లే అవుతారు."

ప్రసన్న ఇంకొకటి కూడా అడిగింది. తాను అమ్మే పాలసీల వల్ల ప్రతాప్‌కు ఏమైనా ఒరుగుతుందా అని. మహిత నవ్వింది. "ఆయన జీతం పెరగల్లంటే మీరు అమ్మల్ల. మీ పాలసీలన్నీ ఆయన లెక్కలోనే పడతాయి" అంది.

తిరుచానూరు ఆటోలో కూర్చుని ప్రసన్న ఆ రెండు మాటలే తిప్పి తిప్పి ఆలోచించింది. పుస్తకం బయటపెడితే ప్రతాప్ కంటే ముందు కుప్పమ్మ మునుగుతుంది. గిరికి పట్టిన గతే ఆ ఇరవై మూడు ఇళ్లకూ తన చేతుల మీదుగా పడుతుంది. ఉద్యోగంలో చేరితే తన నోరు, తన కాళ్లు, తన మోకాళ్ల నొప్పులు అన్నీ ఆయన జీతం కిందకే పోతాయి. ఎటు తిరిగినా ఆ మహానుభావుడు చల్లగానే ఉంటాడు. ఇంటికొచ్చి నోటుపుస్తకాన్ని పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే అన్నం వండింది. వండుతూ ఏడ్చింది కూడా. చేతికి దొరికిన కత్తిని తానే పారేసుకోవాల్సి వస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది.

పరీక్ష రాసింది, పాసయింది. ప్రతాప్ పొంగిపోయాడు. తిరుచానూరులోనే ఒక లాడ్జి హాల్లో సభ పెట్టాడు. తన పాత ఖాతాదార్లందర్నీ పిలిచి టిఫిన్లు పెట్టి కొత్త పాలసీలు అంటగట్టాలని ఆయన ఎత్తు. చెన్నై నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడు. ప్రసన్న స్టేజి ఎక్కి తన కథ చెప్పాలి, అందరి ముందూ ఏజెంటుగా సంతకం పెట్టాలి, ఫొటో తీస్తారు. ఆఫీసరు మెడలో వేసే దండ కూడా ప్రసన్న దగ్గరే కొన్నాడు, పది రూపాయలు బేరమాడి మరీ.

"గురవమ్మ పెద్దమ్మను కూడా పిల్చుకోనిరా. ముందు వరసలో కూసోబెడదాము. కొడుకు పోయిన తల్లి కదా, సూసేవాళ్ల మనసు కరుగుతాది" అన్నాడు.

"పిల్చుకోనొస్తానన్నా. తప్పకుండా పిల్చుకోనొస్తా" అంది ప్రసన్న. పొయ్యిలో పుస్తకం పెట్టిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

సభ రోజు పొద్దున పదిన్నరకే హాలు నిండిపోయింది. అరవై, డెబ్బై మంది ఉంటారు. అందరివీ ప్రసన్నకు తెలిసిన ముఖాలే. ఎవరింట్లో ఏ మందు సీసా ఏ గూట్లో ఉంటుందో కూడా ఆమెకు తెలుసు. ప్రతాప్ మైకు పట్టుకుని ఆమెను పరిచయం చేశాడు. పాలసీ లేక దిక్కులేనిదై, పూలమ్ముకుంటూ అత్తను సాకుతున్న ఇల్లాలు అన్నాడు. పెద్దాఫీసరు అయ్యో అన్నాడు; పాలసీ సంగతి తెలిసిన వీధివాళ్లు టిఫిన్ల మొహమాటానికి తలలూపారు. ఖాళీ ఒప్పంద ఫారం, పెన్ను ఆమె చేతిలో పెట్టి మైకు ముందుకు తోశాడు.

"అందరికీ దండాలు" అంది ప్రసన్న. "మా ఆయనకు పాలసీ లేదని చెప్పమన్నాడు ప్రతాపన్న. లేకుండా ఏమి? ఉండె. ఈ అన్నే రాసినాడు. గుండెకు మాత్రలు మింగతా ఉండా, రాయి అప్పా అని మా ఆయన నోరు తెరిచి చెప్పినాడు. నేను పక్కనే ఉండా. అయినా ఈ అన్న జబ్బు లేదని రాసినాడు. మా ఆయన పోయినాక, నాకు చెప్పనే లేదు, దాచినాడని మీ అందరి ముందరా చెప్పినాడు. సచ్చినోడు తిరిగొచ్చి కాదనలేడు కదా."

హాలంతా గుసగుసలు. ప్రతాప్ రెండో మైకు అందుకుని నవ్వాడు. ఆ నవ్వు అరువు తెచ్చుకున్నట్టే ఉంది. "పాపం, మొగుడు పోయిన దుఃఖంలో ఏదో మాట్లాడతా ఉండాది. దానికి సాక్ష్యం ఏముండాదమ్మా?"

సాక్ష్యాలు ఎదురుగానే కుర్చీల్లో కూర్చుని ఉన్నాయి. మూడో వరసలో కుప్పమ్మ మొగుడు ఆయాసపడుతూ ఉన్నాడు. ఆయన్ని లేపితే ప్రతాప్ పని అయిపోతుంది, ఆయన పాలసీ కూడా అయిపోతుంది. పెద్దాఫీసరు పక్కనే ఉన్నాడు. కుప్పమ్మ భయంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ప్రసన్న వంకే చూస్తోంది. నా పేరెత్తకు తల్లీ అని ఆ కళ్లు బతిమాలుతున్నాయి.

"మీ జబ్బులు నేనడగను" అంది ప్రసన్న. "ఎవురూ చెప్పబాకండి కూడా. ఒక్కటే అడుగుతా. ఈ హాల్లో అందరూ ఈ అన్న దగ్గర పాలసీ తీసుకున్నోళ్లే. ఈ అన్న రాసిన ఫారంలో, జబ్బు ఉండాది అని రాసిన మనిషి ఒక్కరుంటే చెయ్యెత్తండి. అట్ల రాసింటే మీకు ఏ భయమూ లేదు. మీ పాలసీ గట్టిది. ఎత్తండి."

డెబ్బై మందిలో ముప్పాతిక వంతు యాభై దాటినవాళ్లు. ఒక్క చెయ్యి లేవలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి జబ్బూ బయటపడలేదు, ఎవరి పేరూ రాలేదు. కానీ ఇంతమందిలో ఒక్కరికీ షుగరైనా లేదంటే నమ్మడానికి పెద్దాఫీసరు పాలు తాగే పిల్లవాడు కాదు. ఆయన మెల్లగా తల తిప్పి ప్రతాప్‌ను చూశాడు.

ప్రసన్నకు ఆ చూపు అమృతంలా అనిపించింది. ఆ నిశ్శబ్దాన్ని చప్పున చెరిపేయాలని ఆమెకు అనిపించలేదు. ప్రతాప్ నుదుటి మీద చెమట పట్టేదాకా, అది చెంప మీదకు దిగేదాకా అలాగే నిలబడి చూసింది. మూడేళ్ల కిందట వీధి మధ్యలో తనను అలాగే నిలబెట్టాడు.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. గురవమ్మ లేచి నిలబడింది.

"ప్రతాపూ, నా కొడుకు నీకు చెప్పినాడా, లేదా?"

"అది కాదు పెద్దమ్మా…"

"చెప్పినాడా?"

"అప్పట్లో అందరమూ అట్లనే రాస్తా ఉంటిమి పెద్దమ్మా. వాడు చెప్పినా, నేను వాడి మేలుకే కదా…" అంటూ ఆగిపోయాడు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. వాడు చెప్పినా అన్న మాట హాలు దాటి వీధిలో టిఫిన్ల కోసం నిలబడినవాళ్ల దాకా వినబడింది.

ప్రసన్న ఖాళీ ఫారం తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది కూడా నువ్వే రాసుకో అన్నా. నా సంతకం మాత్రం దొరకదు" అని స్టేజి దిగింది. ఫొటో తీసేవాడు ఏం తీయాలో తెలియక, తెలియకుండానే ఒకటి తీశాడు.

మెట్ల దగ్గర మహిత పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, మా బ్యాచిలో మీకే ఎక్కువ మార్కులు. ఆయన కింద వద్దు. ఇంకో మేనేజరు కింద ఏయిస్తా. ఈ రోజు మీరు మాట్లాడినట్టు మాట్లాడితే అరవై ఇండ్లూ మీవే."

ప్రసన్న కాళ్లు ఆగాయి. మోకాళ్లు ఒప్పుకోమన్నాయి. కాసేపు నిజంగానే ఆలోచించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఈ పొద్దు నా మాట నమ్మినారంటే దానికి కమీషను లేదు కాబట్టే మేడమ్. రేపు ఫారం పట్టుకోని పోతే నా ముఖం కంటే ముందు నా సంచి సూస్తారు. నాకు పూలే సాలు. ఇంకమీద ఆ మనిషి ఏ గడప ఎక్కినా, నేను తెల్లారే ఆడికి పోయి ఉంటా. జబ్బు రాయించుకోండి, చదివించుకోని సంతకం పెట్టండి అని చెప్తా. ఎట్ల అమ్ముతాడో అమ్మమను."

చెప్పేసి ఎండలోకి నడిచింది. ప్రతాప్‌ను ఏం చేస్తారో ఆమెకు తెలియదు. పెద్దాఫీసరు టిఫిన్ కూడా తినకుండా ఆయన్ను గదిలోకి పిలిచి తలుపేసుకున్నాడని మాత్రం విన్నది. అది విన్నాక నాలుగడుగులు తేలిగ్గా పడ్డాయి.

గురవమ్మ వెనకే వస్తోంది. వీధి మలుపు దగ్గర కోడలి కొంగు పట్టుకుని ఆపింది. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"వాడు చెప్పినాడంటనే ప్రసన్నా. నా బిడ్డ చెప్పినాడంట. మూడేండ్లు నా బిడ్డను నేనే దొంగోడనుకుంటి కదే. ఈ మాట నాకు ముందే యేల చెప్పలేదే నువ్వు?"

ప్రసన్న అత్త ముఖంలోకి సూటిగా చూసింది. ఓదార్చడానికి చెయ్యి లేవబోయింది, లేవనివ్వలేదు.

"ఆ ఉత్తరం వచ్చిన పొద్దే చెప్పినానత్తా. వీధిలో నిలబడి అరిచినాను. నువ్వు నా పక్కనే ఉండి, ఆయన మాట విన్నావు."

కొంగు విడిపించుకుని ముందుకు నడిచింది. సాయంత్రం పూలకు టైమవుతోంది.